ఉద్యోగుల్లో పని వల్ల వచ్చే డిప్రెషన్‌ను కొలవాలంటే: ఫారం పంపే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాలుగు వందల మంది పనిచేసే సంస్థ మీది. ఏడాదిగా సెలవులూ రాజీనామాలూ పెరిగాయి. "పని ఒత్తిడి వల్ల మనవాళ్లలో ఎంతమంది డిప్రెషన్‌లో ఉన్నారో ఒక్క అంకె తెచ్చివ్వండి" అని పైవాళ్లు హెచ్ఆర్‌లో ఉన్న మీకు చెప్పారు. మీరు డిప్రెషన్ లక్షణాలను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిని ఆన్‌లైన్ ఫారంలో పెట్టి, పేరు, ఉద్యోగి నంబరు కూడా అడిగి, వచ్చేవారం అందరికీ పంపుదామనుకుంటున్నారు.

నా మాట వింటే ఆ ఫారం ఇప్పుడే పంపకండి. ప్రశ్నావళి మంచిదే. కానీ అది చెప్పగలిగినదానికీ, మీ పైవాళ్లు అడిగినదానికీ పొంతన లేదు. ఉద్యోగుల మానసిక ఆరోగ్య సర్వేలు తయారుచేయడం, వచ్చిన లెక్కలను యాజమాన్యాలకు విడమరిచి చెప్పడం నా వృత్తి. ఈ పనిలో తప్పులు ఎక్కువగా లెక్కలు మొదలుకాక ముందే, "పని వల్ల ఎంతమందికి డిప్రెషన్" అని అడగడంలోనే దొర్లుతాయి. ఆ మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మనిషిలో కుంగుబాటు లక్షణాలు ఎంత ఉన్నాయన్నది ఒకటి. అవి పని వల్లే వచ్చాయా అన్నది రెండోది. మొదటిదాన్ని ఒక ప్రశ్నావళితో ఓ మోస్తరుగా అంచనా వేయొచ్చు. రెండోదాన్ని ఏ ఒక్క ప్రశ్నావళీ ఒంటరిగా తేల్చలేదు. థర్మామీటర్ జ్వరం ఎంతుందో చెబుతుంది గానీ అది ఎందువల్ల వచ్చిందో చెప్పదు కదా.

ముందు పీహెచ్‌క్యూ-9 సంగతి. క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ దీన్ని 2001లో ప్రచురించారు. మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్‌ఎమ్‌లో మేజర్ డిప్రెషన్‌కు చెప్పిన తొమ్మిది లక్షణాలకు తొమ్మిది ప్రశ్నలు: మనసు కుంగిపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, అలసట, ఆకలి, తనమీద తనకే చిన్నచూపు, ఏకాగ్రత, కదలికల్లో మందకొడితనం లేదా స్థిమితం లేకపోవడం, చచ్చిపోతే బాగుండుననే ఆలోచనలు. గడిచిన రెండు వారాల్లో ఒక్కొక్కటి ఎంత తరచుగా బాధపెట్టిందో 0 నుంచి 3 వరకు గుర్తించాలి. మొత్తం 27. ఐదు నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి, 20 నుంచి ఇంకా తీవ్రం. ఉచితంగా వాడుకోవచ్చు, చాలా భాషల్లో దొరుకుతుంది. మీరే కూర్చుని అనువాదం చేయకండి, ఇప్పటికే పరీక్షించిన అనువాదాన్నే తీసుకోండి.

స్కోరు 10 లేదా అంతకుమించి వచ్చిందంటే "ఈ మనిషిని డాక్టరు ఒకసారి చూడాలి" అని మాత్రమే అర్థం. "ఈ మనిషికి డిప్రెషన్ ఉంది" అని కాదు. నిర్ధారణ జరగాలంటే ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నా, రక్తహీనత ఉన్నా, బి12 లోపించినా, నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నా అలసట, నిద్ర, ఏకాగ్రత ప్రశ్నలకు మార్కులు పడతాయి. నైట్ షిఫ్టు చేసేవాళ్లకు నిద్ర ప్రశ్న దగ్గరే రెండు మూడు మార్కులు వచ్చేయొచ్చు. ఈమధ్యే ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్న మనిషికి స్కోరు ఎక్కువ వస్తే అందులో వింతేమీ లేదు.

ఇక్కడ ఒక లెక్క చేసి చూపిస్తాను. మీ పైవాళ్ల ముందు ఇదే పెట్టమని నా సలహా. 2001 నాటి ఆ మొదటి అధ్యయనంలో 10ని గీతగా (కటాఫ్‌గా) పెట్టుకున్నప్పుడు, డిప్రెషన్ ఉన్నవాళ్లలో 88 శాతాన్ని ఆ ప్రశ్నావళి పట్టుకుంది, లేనివాళ్లలో 88 శాతాన్ని సరిగ్గా వదిలేసింది. వినడానికి బాగుంది. ఇప్పుడు మీ 400 మందిలో నిజంగా డిప్రెషన్ ఉన్నవాళ్లు 5 శాతం, అంటే 20 మంది అనుకోండి. వాళ్లలో ప్రశ్నావళి 17, 18 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 380 మందిలో 12 శాతం, అంటే దాదాపు 46 మంది, జబ్బు లేకుండానే గీత దాటతారు. మొత్తం 63 మంది దాకా తేలతారు. ఫారం చూసి మీరు "16 శాతం మందికి డిప్రెషన్" అని రాస్తారు. అసలు సంగతి 5 శాతం. జాబితాలో ఉన్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి ఆ జబ్బే లేదు. పేర్లతో సహా ఆ జాబితా ఒక మేనేజరు చేతికి చిక్కితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

దీన్ని సరిదిద్దే సూత్రం ఒకటుంది. రోగన్, గ్లాడెన్ 1978లో ఇచ్చారు. గీత దాటినవాళ్ల నిష్పత్తికి స్పెసిఫిసిటీని, అంటే జబ్బు లేనివాళ్లను సరిగ్గా వదిలేసే నిష్పత్తిని కలిపి, ఒకటి తీసేయాలి. వచ్చినదాన్ని, సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టుకునే నిష్పత్తి), స్పెసిఫిసిటీ రెండూ కలిపి ఒకటి తీసేస్తే వచ్చేదానితో భాగించాలి. పై ఉదాహరణలో 0.158కి 0.88 కలిపి 1 తీసేస్తే 0.038. దాన్ని 0.76తో భాగిస్తే 0.05, అంటే మళ్లీ మన 5 శాతమే. పైవాళ్లకు అంకె ఇవ్వక తప్పదంటే ఇలా సరిదిద్దిన అంకె ఇవ్వండి. దాని చుట్టూ ఎంత అనిశ్చితి ఉందో కూడా చెప్పండి. నాలుగు వందల మందిలో ఆ అనిశ్చితి చిన్నదేమీ కాదు. పైగా ఆ 88 శాతాలు ఆస్పత్రులకు వచ్చిన మనుషుల మీద తేలినవి, ఆఫీసు సర్వేలో అవి అచ్చంగా అలాగే ఉండాలని లేదు.

సర్వేలకు ఇంకా అనువైనవి ఉన్నాయి. రాడ్‌లాఫ్ 1977లో తెచ్చిన సీఈఎస్-డీ ఆస్పత్రి కోసం కాకుండా మామూలు జనాభా కోసమే తయారైంది. ఇరవై ప్రశ్నలు, గడిచిన వారం గురించి, 60కి మార్కులు, 16 దగ్గర గీత. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల డబ్ల్యూహెచ్‌ఓ-5 ఇంకా తేలిక. ఐదే ప్రశ్నలు, అన్నీ మంచివైపు నుంచి అడుగుతాయి: ఉల్లాసంగా ఉన్నానా, ఉదయం లేచేసరికి అలసట తీరిందా, ఇలాంటివి. 25కి వచ్చిన మార్కును నాలుగుతో గుణిస్తే 100కి వస్తుంది. 50, అంతకన్నా తక్కువ వస్తే మరింత పరిశీలించమంటారు. ఆఫీసులో నేను ఎక్కువగా దీన్నే సిఫారసు చేస్తాను. జవాబివ్వడానికి ఎవరూ జంకరు, జబ్బు పేరు ఎక్కడా కనబడదు. డిప్రెషన్‌ను కొలిచే బెక్ వాళ్ల ప్రశ్నావళి పేరు మీరు విని ఉంటారు. దానికి కాపీరైట్ ఉంది, కొనాలి. పైగా అది వైద్యుడి గదికి పనికొచ్చినంతగా ఆఫీసుకు పనికిరాదు.

ఇక రెండో ప్రశ్న, పని వల్లేనా అన్నది. దీన్ని నేరుగా అడగడానికి చేసిన గట్టి ప్రయత్నం రెంజో బియాంకి, ఇర్విన్ షోన్‌ఫెల్డ్ 2020లో ప్రచురించిన ఆక్యుపేషనల్ డిప్రెషన్ ఇన్వెంటరీ. పొట్టిగా ఓడీఐ అంటారు. ఇందులోనూ అవే తొమ్మిది లక్షణాలు, అవే రెండు వారాలు, అవే 0 నుంచి 3. తేడా ఏమిటంటే ప్రతి వాక్యంలోనూ కారణంగా పనిని చేర్చారు. మామూలు ప్రశ్నావళి నిద్ర సరిగా పట్టడం లేదా అని అడుగుతుంది. ఇది ఉద్యోగంలోని ఒత్తిడి వల్ల నిద్ర దెబ్బతిందా అని అడుగుతుంది. చివర్లో ఉద్యోగం మానేసే ఆలోచన గురించి ఒక ప్రశ్న విడిగా ఉంటుంది. రాజీనామాల వల్లే ఈ వ్యవహారం మొదలైంది కాబట్టి ఆ ప్రశ్న మీకు బాగా అక్కరకొస్తుంది.

అయితే ఓడీఐ కొలిచేది తన బాధకు పనే కారణమని ఉద్యోగి అనుకుంటున్నాడా లేదా అన్నదాన్ని. ఆ అభిప్రాయం విలువైనదే, కొట్టిపారేయకూడదు. కానీ అది రుజువు కాదు, రెండువైపులా తప్పొచ్చు. ఇంటి సమస్యతో కుంగిపోయిన మనిషికి ఆఫీసు కూడా భరించలేనిదిగా కనిపిస్తుంది, నింద పనిమీదికి పోతుంది. ఇది అందరూ చెప్పేదే. దీనికి తిరగబడ్డ సంగతిని ఎవరూ పట్టించుకోరు. తనను తాను నిందించుకోవడం డిప్రెషన్‌లో ఒక లక్షణం. నిజంగానే తట్టుకోలేని పనిభారం కింద నలిగినవాడు "పని ఎక్కువై కాదు, నాకే చేతకావట్లేదు" అని గట్టిగా నమ్ముతాడు. పని వల్ల అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నవాళ్లలో కొందరు పనిని నిందించే ప్రశ్నలకు సున్నా పెడతారు. అందుకే ఓడీఐ ఒక్కటే వాడి ఊరుకోవద్దంటాను.

డిప్రెషన్‌కు బదులు బర్నౌట్, అంటే పనిలో అరిగిపోవడాన్ని, కొలుద్దామని మీవాళ్లలో ఎవరో అన్నారని రాశారు. ఆ మాట యాజమాన్యాలకు ఇష్టం, ఎందుకంటే అందులో జబ్బు వాసన తక్కువ. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ) కూడా బర్నౌట్‌ను జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన స్థితిగానే చేర్చింది. మాస్లాక్, జాక్సన్ 1981లో ఇచ్చిన ప్రశ్నావళి ఇందులో ప్రసిద్ధం. మానసికంగా అరిగిపోవడం, ఎదుటివాళ్లను మనుషులుగా చూడలేకపోవడం, సాధించామన్న తృప్తి తగ్గడం, ఈ మూడింటిని అది విడివిడిగా కొలుస్తుంది. దాంట్లో ఫలానా మార్కు దాటితే బర్నౌట్ అని చెప్పే వైద్యపరమైన గీత లేదు. అరిగిపోవడానికీ డిప్రెషన్ లక్షణాలకూ మధ్య గోడ కూడా చాలా పలచన. ఓడీఐ తయారుచేసినవాళ్ల వాదన అదే. పేరు మార్చినంతమాత్రాన మీ ఇబ్బంది తీరదు.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మనుషులను కొలిచే ఉత్సాహంలో పనిని కొలవడం మరిచిపోతారు. పనిని కొలవడం తేలిక, దాంతో ఎవరికీ ప్రమాదమూ లేదు, తేలినదాన్ని మార్చడం కూడా యాజమాన్యం చేతిలోనే ఉంటుంది. కరాసెక్ 1979లో చెప్పిన నమూనా ఇప్పటికీ నిలిచి ఉంది: పని ఒత్తిడి ఎక్కువ, ఆ పనిమీద సొంత నిర్ణయాలు తీసుకునే స్వేచ్ఛ తక్కువ అయితే ఆరోగ్యం దెబ్బతింటుంది. సీగ్రిస్ట్ 1996లో ఇంకో కోణం చూపాడు: పెట్టే శ్రమకూ, తిరిగి దక్కే జీతం, గౌరవం, భద్రతలకూ పొంతన లేకపోవడం. బ్రిటన్‌లో పనిచోట భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ పని ఒత్తిడి కారణాలను ఆరు అంశాలుగా విడగొట్టింది: పనిభారం, పనిమీద అదుపు, అందే అండ, తోటివాళ్లతో సంబంధాలు, తన పాత్ర ఏమిటన్న స్పష్టత, మార్పులను అమలుచేసే తీరు. కోపెన్‌హాగన్ ప్రశ్నావళి (కోప్‌సాక్) ఇంకా విస్తృతంగా అడుగుతుంది. వీటిలో ఏదైనా ఒకటి తీసుకోండి, కలగాపులగం చేయకండి.

మాడ్సెన్ బృందం 2017లో అప్పటిదాకా ప్రచురితమైన అధ్యయనాలను కలిపి చూస్తే, ఒత్తిడి ఎక్కువ, స్వేచ్ఛ తక్కువ ఉన్న ఉద్యోగాల్లో వైద్యపరమైన డిప్రెషన్ ముప్పు 1.77 రెట్లు అని తేలింది. అంతకుముందు ప్రచురణకు నోచుకోని సమాచారాన్ని విడిగా చూస్తే అది 1.27 రెట్లే. అంటే పని ప్రభావం నిజమే. కానీ ప్రచురణకు ఎక్కిన అధ్యయనాలు దాన్ని కాస్త పెద్దదిగా చూపిస్తాయి. "పనే చంపేస్తోంది" అనేవాళ్లకూ "అంతా ఇంటి గొడవలే" అనేవాళ్లకూ ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూపించండి.

ఒకే ఉద్యోగి ఒకే రోజు లక్షణాల ప్రశ్నావళి, పని ప్రశ్నావళి రెండూ నింపితే ఇంకో చిక్కు. కుంగిపోయినవాడు లక్షణాలకూ మార్కులు ఎక్కువ వేస్తాడు, పనిభారానికీ ఎక్కువే వేస్తాడు. కంప్యూటర్ మీకు ఘనమైన సంబంధం చూపిస్తుంది, అందులో కొంత ఆ రోజు మూడ్. దీన్ని పూర్తిగా వదిలించుకోలేం గానీ తగ్గించే దారులున్నాయి. పనిభారాన్ని వ్యక్తి చెప్పినదాన్నిబట్టి కాకుండా టీమ్ సగటుగా తీసుకోండి. ఓవర్‌టైమ్ గంటలు, షిఫ్టు పట్టికలు, ఖాళీగా ఉన్న పోస్టులు, రద్దయిన సెలవులు, ఇవన్నీ ఇప్పటికే మీ రికార్డుల్లో ఉన్నాయి. వాటిని టీమ్ వారీగా పక్కన పెట్టండి. ఎవరి మూడ్‌తోనూ పనిలేని ఆ లెక్కలూ సర్వే సగటులూ ఒకేవైపు చూపిస్తే అప్పుడు నమ్మొచ్చు. వీలైతే ఆరు నెలల తర్వాత మళ్లీ అడగండి. ముందు పనిభారం పెరిగి తర్వాత లక్షణాలు పెరిగాయా, లక్షణాలు వచ్చాక పని బరువనిపించిందా అన్నది అప్పుడు కొంత తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. పేర్లు లేని ఫారంలో ఎవరో "దాదాపు ప్రతిరోజూ" అని గుర్తు పెట్టారనుకోండి. మీరు ఎవరికి ఫోన్ చేస్తారు? పేర్లున్న ఫారమైతే, ఆ జవాబును ఎవరు, ఎన్ని గంటల్లోపల చూస్తారు? ఆ ఏర్పాటు లేకుండా ఆ ప్రశ్న అడగకూడదు. అడగకుండా సర్వే చేయాలంటే పీహెచ్‌క్యూ-8 ఉంది. తొమ్మిదోది తీసేసిన రూపం అది, గీత అదే 10 దగ్గర. ఏ ప్రశ్నావళి వాడినా, ఫారం చివరి పేజీలో ఆ రోజే మాట్లాడగలిగే కౌన్సెలర్ లేదా హెల్ప్‌లైన్ వివరాలు అందరికీ కనబడాలి, స్కోరు ఎంతన్నదానితో సంబంధం లేకుండా.

పేర్లు, ఉద్యోగి నంబర్లు అడగడం గురించి జపాన్ చేసినది చూడండి. అక్కడ 2015 డిసెంబరు నుంచి 50 మంది, అంతకుమించి ఉన్న చోట ఏటా స్ట్రెస్ చెక్ జరపాలని చట్టం పెట్టారు. దానికి 57 ప్రశ్నల ప్రశ్నావళి వాడతారు. ఒక్కొక్కరి ఫలితం ఆ ఉద్యోగికే వెళుతుంది. అతని అంగీకారం లేకుండా యజమానికి ఇవ్వకూడదు. యజమానికి వెళ్లేది బృందాల సగటు, అదీ సాధారణంగా పది మందికి తగ్గని బృందాలది. ఈ రెండు నియమాలూ మీరు యథాతథంగా తీసుకోండి. ఆరుగురున్న టీమ్‌లో ఒకరి స్కోరు ఎవరిదో పోల్చుకోవడానికి ఎవరికీ అరగంట పట్టదు. వయసు, విభాగం, హోదా, చేరిన సంవత్సరం అన్నీ అడిగితే పేరు అడగకపోయినా అడిగినట్టే, అది గుర్తుంచుకోండి. ఫారం మీ ఆఫీసు ఖాతాలో తెరిస్తే లాగిన్ వివరాలు నమోదు కావచ్చు. ఉద్యోగులకు ఆ సంగతి మీకన్నా బాగా తెలుసు. జవాబులు బయటి సంస్థ దగ్గరే ఉండాలి, ముడి సమాచారం మీ కంప్యూటర్‌లోకి రాకూడదు.

ఇంతకీ ఇలా అందరినీ జల్లెడ పట్టడం వల్ల మేలుందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగుల స్క్రీనింగ్ విషయంలో మేలు ఎక్కువో కీడు ఎక్కువో తేల్చలేక ఎటూ సిఫారసు చేయలేదు. పని తీరును మార్చే చర్యలకూ, మేనేజర్ల శిక్షణకూ మాత్రం సరేనంది. నా అభిప్రాయం ఇంకాస్త ఘాటుగా ఉంటుంది. తేలినవాళ్లకు చికిత్స దారి ముందే సిద్ధం చేయకుండా పేర్లతో స్క్రీనింగ్ చేయడం అన్యాయం.

లెక్కలోకి రానివాళ్ల సంగతి కూడా చూసుకోండి. బాగా కుంగిపోయినవాళ్లు సర్వే రోజున సెలవులో ఉంటారు, లేదా ఇప్పటికే మానేసి వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల సగటు అందువల్ల ఎప్పుడూ ఉన్నదానికన్నా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దీర్ఘ సెలవులో ఉన్నవాళ్లకు ఇంటికి లింకు పంపండి. టీమ్ వారీగా ఎంతమంది జవాబివ్వలేదో రాసుకోండి. ఒక విభాగంలో 80 శాతం, పక్కదాంట్లో 30 శాతం జవాబిస్తే, ఆ 30 శాతం విభాగపు స్కోరు ఎంత బాగున్నా నేను ముందు అక్కడికే వెళతాను. అప్రైజల్ వారంలో, పెద్ద గడువుకు ముందు వారంలో సర్వే పెట్టకండి.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. పైవాళ్ల దగ్గర ముందు ఒక కాగితం మీద రాయించుకుంటాను: ఫలితం ఎలా వస్తే ఏం మారుస్తారో, దానికి ఎంత ఖర్చు పెడతారో. తర్వాత బయటి సంస్థ ద్వారా పేర్లు లేకుండా డబ్ల్యూహెచ్‌ఓ-5, ఓడీఐ, పనిని కొలిచే ప్రశ్నావళి ఒకటి, మూడూ కలిపి పదిహేను నిమిషాల్లో అయ్యేలా పంపుతాను. ఓడీఐలోనూ తొమ్మిదో లక్షణం ఉంది కాబట్టి, దాన్ని పంపేముందే ఆ బయటి సంస్థలో మానసిక వైద్యుడు అందుబాటులో ఉన్నాడో లేదో చూసుకుంటాను. లేకపోతే ఓడీఐ మానేసి మిగతా రెండూ పంపుతాను. ఫలితాలను రెండు వారాల్లోపు ఉద్యోగులందరికీ చూపిస్తాను, పైవాళ్లకు ఎంత చూపించానో అంతే.

ఆరు నెలల తర్వాత రెండోసారి కొలిచినప్పుడు ఒక మాయ కనిపిస్తుంది. మొదటిసారి అన్నిటికన్నా అధ్వానంగా వచ్చిన టీములు ఏమీ చేయకపోయినా కొంత బాగుపడినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే మొదటి అంకెలో కొంత ఆ రోజు దురదృష్టం కలిసి ఉంటుంది. కాబట్టి మార్పులు చేసిన టీములను, అంతే అధ్వానంగా ఉండి ఇంకా మార్పు మొదలుకాని టీములతో పోల్చండి. అవి రెండూ ఒకేలా బాగుపడితే మీరు చేసిన మార్పుల ఘనత ఏమీ లేదన్నమాట.

పైవాళ్లు ఇదంతా విని కూడా "అదంతా సరే, పేర్లతో జాబితా కావాలి" అంటే, సర్వే మానేసి ఆ డబ్బుతో బయటి కౌన్సెలర్ సమయాన్ని కొనండి. ఉద్యోగులు ఎవరికీ చెప్పకుండా నేరుగా వెళ్లేలా ఏర్పాటు చేయండి. నెలకు ఎంతమంది వెళ్లారన్న మొత్తం మాత్రమే మీకు రావాలి.